పది అంకెల తాళం

గుంటూరు, ఆనందపేట
3 సెప్టెంబరు 2008

ఒరేయ్ ఫిలిప్పూ,

మా ఇంటి నుంచి నువ్వున్న జైలుకి సైకిలు మీద పావుగంట. ఆ పావుగంట దూరానికి స్టాంపు అంటించి ఉత్తరం రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో. ములాఖత్‌కి రక్తసంబంధం ఉండాలంట. మనిద్దరం మిర్చి యార్డు షెడ్డులో ఒకే చీర ఉయ్యాల్లో దగ్గుతూ పెరిగామని, మన అమ్మలిద్దరూ పక్కపక్కన కూర్చుని ఇరవై ఏళ్ళకు పైగా మిరపకాయల తొడిమలు తీస్తున్నారని గేటు దగ్గర చెబితే ఎవడు వింటాడు?

నీ కేసు ఒప్పుకున్న లాయరు నస్రత్ మేడమ్, జరిగింది వరసగా రాసి నీకు పంపమంది. ఎక్కడ తప్పుంటే అక్కడ నువ్వు దిద్దాలి. రాస్తున్నా.

ఆగస్టు 18, సోమవారం. మీ ఇంటి ఓనరు కొత్త కారు కొన్నాడు. పూజకని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పెదకాకాని గుడికి పోయాడు. నువ్వు మేడ మీద గదిలో చికున్‌గన్యా జ్వరంతో పడున్నావు. ఉదయం పదకొండూ పదికి, నువ్వు కంప్యూటర్ ఆపరేటరుగా చేసే కోల్డ్ స్టోరేజీకి ఒక మెయిలు వచ్చింది. అడిగింది ఇవ్వకపోతే మిర్చి బస్తాలన్నీ తగలబెడతామని. గురువారం మధ్యాహ్నం నిజంగానే తగలబడింది. ఎవరైనా లోపల ఉండిపోయారేమో చూడటానికి వెళ్ళిన వాచ్‌మన్ దానయ్య మళ్ళీ బయటికి రాలేదు. శనివారం నెట్ కంపెనీవాళ్ళు, ఆ మెయిలు మీ ఓనరు ఇంటి కనెక్షన్ నుంచి వెళ్ళిందని చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యి బయటికొస్తుంటే నిన్ను చర్చి మెట్ల మీద పట్టుకున్నారు. జీతం పెంచలేదని కక్షగట్టావంట. నువ్వు! చీమ కుడితే చీమకి సారీ చెప్పేవాడివి.

అది వైర్‌లెస్ నెట్టు, గోడ దాటి రోడ్డు మీదకి కూడా వస్తుంది, వీధిలో ఎవడైనా వాడి ఉండొచ్చు అని నస్రత్ మేడమ్ వాదించింది. అప్పుడు పోలీసులు ఒక కాగితం తీశారంట. ఆ నెట్టుకి తాళం ఉంది, పాస్‌వర్డ్ తెలియనివాడు లోపలికి రాలేడు అని ఎవడో పనితెలిసినవాడు రాసిచ్చాడంట. తాళం ఉంది, ఓనరు కుటుంబం గుడిలో ఉంది, ఇంట్లో నువ్వున్నావు. కేసు మొత్తం ఆ ఒక్క మేకుకే వేలాడుతోంది.

ఆ కాగితం రాసిచ్చిన దొంగనాయాలు దొరికితే వాడి చేతులు విరగ్గొట్టాలి.

జ్వరం తగ్గిందా? కీళ్ళు ఇంకా పట్టేస్తున్నాయా? రాయి.

మాలిక్

జిల్లా జైలు, గుంటూరు
12 సెప్టెంబరు

మాలిక్,

వరస సరిగ్గానే రాశావు. ఒక్కచోట దిద్దాలి. దానయ్య ‘ఎవరైనా’ ఉండిపోయారేమో అని పోలేదు. నేనున్నాననుకుని పోయాడు. నేను సెలవు పెట్టిన సంగతి ఆయనకి తెలియదు. ‘మా ఫిలిప్పు గదిలో ఉంటాడు’ అని అరుస్తూ పోయాడని అమ్మ చెప్పింది. అమ్మకి ఆ మాట చెప్పింది దానయ్య భార్య. తర్వాత అమ్మతో ఆవిడ ఇంకో మాట మాట్లాడలేదంట.

జ్వరం లేదు. వేళ్ళు మాత్రం పొద్దున్నే ముడుచుకుపోతున్నాయి. అందుకే అక్షరాలు వంకర.

ఇక్కడ ఉత్తరాలు చదివి, ముద్ర వేసి, అప్పుడు ఇస్తారు. పంపేవి కూడా అంతే. నీ ఉత్తరం చదివిన జైలరు గారు ‘దొంగనాయాలు’ దగ్గర నవ్వారు. ఇక మీద రాసేటప్పుడు ఆయన కూడా వింటున్నాడని గుర్తుపెట్టుకో.

స్టేషన్లో నన్ను అడిగిందే అడిగారు. పాస్‌వర్డ్ నీకు తెలుసా? తెలియదన్నాను. మేడ మీద ఉండి తెలియదా? తెలియదన్నాను. నాలుగు రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. ఎలా అడిగారో రాయను. అమ్మకి కూడా చెప్పకు.

ఒక సంగతి గుర్తొచ్చింది. నెట్టు పంచే ఆ రూటర్ డబ్బా లోపల ఒక పట్టీ ఉంటుందని, ఏ కంప్యూటరు ఎప్పుడు వచ్చి తగులుకుందో అందులో పడుతుందని నువ్వే ఒకసారి టీ తాగుతూ చెప్పావు. ఓనరు గారింట్లో దాన్ని పెట్టింది నువ్వే కదా. వెళ్ళి చూడు. ఆ రోజు పదకొండింటికి ఎవరున్నారో తెలిస్తే నేను బయటపడతాను. నాకు వేరే దారి కనపడటం లేదు.

ఓనరు వాళ్ళమ్మ దసరాకి ఆ రూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టిందని, గాలి ఆడే కన్నాలన్నీ పసుపుతో మూసుకుపోయాయని నువ్వు తిట్టుకుంటూ తుడిచావు, గుర్తుందా? నిన్న అది తలుచుకుని ఒక్కడినే నవ్వాను. పక్కనున్నతను భయపడ్డాడు.

ఆ పక్కనున్నతనికి స్నేహితులు వారం వారం వచ్చి కనపడి పోతున్నారు. వాళ్ళది ఏ రక్తమో నేను అడగలేదు.

ఫిలిప్

గుంటూరు, ఆనందపేట
20 సెప్టెంబరు

ఫిలిప్పూ,

పట్టీ లేదు. నువ్వు అడక్కముందే వెళ్ళి చూశాను. చౌక రకం రూటరు అది. కరెంటు పోతే పట్టీ మొత్తం తుడిచిపెట్టుకు పోతుంది. ఆగస్టు 18 తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయిందో సబ్‌స్టేషన్ వాళ్ళకే తెలియదు. ఆ దారి మూసుకుపోయింది.

బెయిలు కొట్టేశారు. మేడమ్ నీకు చెప్పే ఉంటుంది. ప్రాణం పోయిన కేసంట. మెట్లు దిగుతూ మేడమ్ నాతో, ‘ఆ తాళం మాట పడిపోనంత వరకు నేను ఎన్నిసార్లు వేసినా ఇంతే మాలిక్’ అంది.

మొన్న ఆదివారం మీ అమ్మ కొండమ్మ పిన్నిని నేనే చర్చికి తీసుకెళ్ళాను. ఆమెతో నడిచేవాళ్ళు లేరు. నేను మెట్ల మీద కూర్చున్నా. కిటికీలోంచి కనపడుతూనే ఉంది. పిన్ని కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. అవతల బల్లల మీద ఇరుక్కుని ఇరుక్కుని కూర్చున్నారు గానీ ఆ బల్ల ఖాళీ. నాకు లోపలికి పోయి ఆ బల్ల ఎత్తి కొట్టాలనిపించింది. ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పాను. మా అమ్మ రంజాను ఉపవాసంలో ఉంది, గొంతు ఎండిపోయి ఉంది. ‘వచ్చేవారం నేనెళ్తా’ అంది. ‘నువ్వెక్కడికే? చర్చికా?’ అన్నా. ‘బల్ల మీద కూర్చోవడానికి నమాజు రావాలా, పాట రావాలా? యార్డులో గోనెపట్టా మీద కూర్చున్నట్టు కూర్చుంటా’ అంది. జానీబీ అంటే జానీబీయే.

నాకు పని పెరిగింది. ఎందుకని అడక్కు. నిన్న బ్రాడీపేటలో ఒకాయన, ‘ఏమయ్యా, నువ్వు వేసిన తాళం పోలీసులే ఒప్పుకున్నారంటగా, మా ఇంట్లో కూడా అదే వెయ్యి’ అన్నాడు. వేసి, డబ్బు తీసుకోకుండా వచ్చేశాను. ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

మీ ఓనరు ఇంటికి పోయినప్పుడు ఆయన కూడా అంతే. ‘నీ తాళం గట్టిది కాబట్టి మా కుటుంబం బయటపడింది, లేకపోతే నన్నే అనుమానించేవాళ్ళు’ అని నా భుజం తట్టాడు. భుజం కడుక్కోవాలనిపించింది.

ఒక్కటి అడుగుతా. పాస్‌వర్డ్ తెలియదని ఎందుకన్నావు? మార్చి నెలలో నువ్వు ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నప్పుడు దాంట్లో నెట్ వస్తుండటం నేను చూశాను. నీకు ఓనరు చెప్పి ఉండడు, పిసినారి వెధవ. మరెలా వచ్చింది?

జవాబు రాసేముందు ఆలోచించి రాయి. జైలరు గారు వింటున్నారు కదా.

మాలిక్

జిల్లా జైలు, గుంటూరు
28 సెప్టెంబరు

మాలిక్,

నస్రత్ గారు పోలీసు కాగితాల నకళ్ళు తెచ్చి చూపించారు. ‘పనితెలిసినవాడు’ రాసిచ్చిన కాగితం కూడా ఉంది. ‘నేను పెట్టిన తాళం బయటివాడెవడూ తీయలేడని హామీ ఇస్తున్నాను.’ కింద సంతకం. సంతకం కింద రెండు గీతలు, చివర్లో చుక్క. ఎనిమిదో తరగతి నుంచి ఆ గీతలు నువ్వలాగే గీస్తావు.

వాడి చేతులు విరగ్గొట్టాలన్నావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. మళ్ళీ తీసి చదివాను.

ఎందుకని అడగను. నాకు రాయకు.

జానీబీ పిన్నికి ఈద్ ముబారక్ చెప్పు. మా అమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నందుకు ఆమెకి నేను ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఫిలిప్

గుంటూరు, ఆనందపేట
5 అక్టోబరు

ఫిలిప్పూ,

రాయొద్దన్నా రాస్తున్నాను. చింపితే చింపెయ్. కానీ ముందు జైలరు గారికి ఒక మాట.

అయ్యా, ఈ ఉత్తరం ఆపకండి. పూర్తిగా చదవండి. ప్రతి కాగితం మీద తేదీతో ముద్ర వేయండి. నాకు ఆ ముద్ర కావాలి.

ఇప్పుడు నీకు.

ఆగస్టు 23, శనివారం. మీ ఓనరు ఫోన్ చేస్తే పోయాను. హాల్లో సీఐ సోఫాలో కూర్చున్నాడు. రూటరు టీపాయ్ మీద పెట్టి ఉంది, బొట్టుతో సహా. నీ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. సీఐ నన్ను పైనుంచి కిందికి చూసి, ‘ఏం చదివావురా?’ అన్నాడు. టెన్త్ అన్నా. ‘పాసా?’ అన్నాడు. నేను రూటరు వైపు చూశాను. ‘టెన్త్ ఫెయిలయిన నాయాళ్ళందరూ నెట్‌లు పెడతారు. తలుపు బార్లా తెరిచి పోతారు. రోడ్డు మీద పోయే ప్రతివాడూ వాడుకుంటాడు. దీనికీ తాళం లేదు కదా?’ అన్నాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు. మీ ఓనరు కూడా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు ఎవడూ నేర్పకుండా పాత పుస్తకాలు చూసి, పాడైన డబ్బాలు విప్పి నేర్చుకున్నాను. ‘నేను పెట్టిన తాళం ఎవడూ తీయలేడు సార్’ అన్నా. ‘రాసిస్తావా?’ అన్నాడు. ‘రాసిస్తా’ అన్నా. రాసిచ్చి, రెండు గీతలు గీసి, చుక్క పెట్టి ఇంటికొచ్చి చికెన్ పకోడీ తిన్నాను. మర్నాడు నిన్ను తీసుకెళ్ళారు.

ఇది సగం. మిగతా సగం వినండి జైలరు గారూ.

ఆ తాళం తాళమే కాదు. రూటర్ సెట్టింగుల్లో తాళాలు రెండు రకాలుంటాయి. ఒకటి పాతరకం, ఇంకోటి దాని కిందే కనపడే కొత్తరకం. కొత్తరకం పెడితే పాత కంప్యూటర్లకి నెట్ రాదు. మళ్ళీ మళ్ళీ ఫోన్లు, తిట్లు. అందుకని పాతరకం పెట్టేవాడిని. అది సరిగ్గా పది గడులు అడుగుతుంది. పది అంకెలు చాలు. ఇంటివాళ్ళకి ఇష్టమొచ్చిన పాస్‌వర్డ్ పెడితే వారానికే మర్చిపోయి నన్ను పిలుస్తారు. పది అంకెలంటే నాకు వెంటనే తట్టింది ఒక్కటే.

నా ఫోన్ నంబరు.

ఒక్క మీ ఓనరు ఇంట్లో కాదు. నేను పెట్టిన అరవై మూడు ఇళ్ళల్లో అదే. మర్చిపోతే నా కార్డు చూసుకోమనేవాడిని. ఎంత తెలివో అనుకున్నాను. గిరాకీకి గిరాకీ, తాళానికి తాళం.

ఆ నంబరు ఎక్కడుందో నీకు నేను చెప్పక్కర్లేదు. యార్డు గోడ మీద ఉంది. బస్టాండు దగ్గర ఉంది. మీ వీధిలో ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంది. ‘ఇంటర్నెట్ కనెక్షన్లు, రిపేర్లు, మాలిక్’, కింద పది అంకెలు. మా నాన్న పీరు రాసినవి అవి. బతికినన్నాళ్ళూ లారీలకి నంబర్లు రాశాడు. ఆఖరుకి చెయ్యి వణుకుతున్నా నా నంబరు తనే రాస్తానని పట్టుబట్టి, ఊరంతా తిరిగి ఎర్రరంగుతో రాశాడు. ఊళ్ళో అరవై మూడు ఇళ్ళకి తాళాలేసి తాళంచెవి వీధి వీధికీ వేలాడదీసిన వెధవని నేను.

నిన్ను పట్టుకెళ్ళిన రోజే ఈ మాట చెబితే కేసు నిలబడేది కాదు. చెప్పలేదు. నా పేరు మాలిక్ రా. పేపర్లు చూస్తున్నావుగా, ఏ ఊళ్ళో ఏం పేలినా ముందు ఎవరి ఇళ్ళకి వస్తున్నారో. ఆ నంబరు నాదంటే మెయిలు కూడా నాదే అంటారు. ఆ రోజు పదకొండింటికి నేనెక్కడున్నానో చెప్పేవాడు లేడు. చీరాలలో ఒక బట్టల కొట్టులో రూటరు పెట్టాలని పోయాను. కొట్టు మూసి ఉంది. గంటసేపు మెట్ల మీద కూర్చుని తిరిగొచ్చాను. నన్ను చూసినవాడు లేడు.

ములాఖత్‌కి రక్తసంబంధం కావాలన్నది అబద్ధం. ఆ గేటు దాకా నేను రానే లేదు. నిన్ను చూసి ‘కీళ్ళు ఎలా ఉన్నాయిరా’ అని ఏ మొహంతో అడగాలి? ఉత్తరానికి మొహం ఉండదు కదా అని రాశాను.

రేపు నస్రత్ మేడమ్‌కి ఇదంతా చెబుతాను. నువ్వు క్షమించాలని రాయడం లేదు.

మాలిక్

జిల్లా జైలు, గుంటూరు
14 అక్టోబరు

ఒరేయ్ వెధవా,

యాభై రోజులు నేను నోరు మూసుకున్నది దేనికనుకున్నావు?

మార్చిలో లాప్‌టాప్ తెచ్చుకున్న రోజు ఆ నెట్ కనపడింది, తాళం అడిగింది. పది గడులు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా స్తంభం, స్తంభం మీద మీ నాన్న రాసిన ఎర్ర అంకెలు. ఊరికే కొట్టి చూశాను. తెరుచుకుంది. నవ్వొచ్చింది. నీకు చెబుదామనుకుని, చెబితే మార్చేస్తావని, ఉచితంగా వచ్చే నెట్ పోతుందని ఊరుకున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే దానయ్య బతికి ఉండేవాడేమో. నీ తప్పు ఒక్కటే కాదు, నాది కూడా ఉంది. రాత్రుళ్ళు నాకు నిద్ర రాకపోవడానికి కారణం ఈ గోడలు కాదు.

స్టేషన్లో పాస్‌వర్డ్ తెలుసా అంటే తెలియదన్నాను. తెలుసంటే ఏమిటని అడుగుతారు. చెబితే ఈ నంబరు ఎవరిదంటారు. నువ్వు చెప్పిందే జరుగుతుంది. నన్నయితే జీతం మీద కక్ష అన్నారు. నీ పేరుకి ఏ కక్ష అంటగడతారో నాకు తెలుసు. నీ సంతకం చూసిన రోజు నాకు కోపం వచ్చింది నువ్వు రాసిచ్చినందుకు కాదు. నేను దెబ్బలు తిని దాచినవాడు బయట కూర్చుని నాకే అబద్ధాలు రాస్తున్నాడని.

ఇప్పుడు నువ్వు ముద్రలు వేయించి మరీ ఒప్పుకుంటున్నావు. మేడమ్‌కి చెప్పావా? ఇంకా చెప్పకపోతే చెప్పకు. ఇద్దరిలో ఒకడు బయట ఉండాలి. ఇద్దరు అమ్మలున్నారు. బుర్రతో ఆలోచించు.

జైలరు గారి సంగతి కూడా రాయాలి. నీ ఉత్తరం ఆయన చదువుతుంటే నేను ఎదురుగా నిలబడ్డాను. సగం చదివి ఆగిపోయారు. జేబులోంచి సెల్ తీసి ఇంటికి ఫోన్ చేశారు. ‘అమ్మాయ్, మన ఇంట్లో నెట్ పెట్టిన కుర్రాడి పేరేంటి?’ అన్నారు. కాసేపు విని, ‘ఆ పాస్‌వర్డ్ చదువు’ అన్నారు. నీ ఉత్తరం చివర నీ కార్డు కూడా పిన్ను చేశావు కదా. ఆమె అంకెలు చదువుతుంటే ఆయన వేలు కార్డు మీద ఒక్కో అంకె మీదుగా జరుగుతూ పోయింది. పదో అంకె దగ్గర ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఒక్కో కాగితం మీద రెండేసి ముద్రలు వేశారు.

వద్దురా. చెప్పకు.

ఫిలిప్

గుంటూరు, ఆనందపేట
31 అక్టోబరు

ఫిలిప్పూ,

నీ ఉత్తరం వచ్చేసరికే చెప్పేశాను. రాకపోయినా చెప్పేవాడిని. నీ మాట నేనెప్పుడు విన్నాను గనక.

నస్రత్ మేడమ్ జైలు ముద్రలున్న ఉత్తరాన్ని కోర్టులో పెట్టింది. సర్కారు వకీలు లేచి, స్నేహితుడి కోసం కట్టిన కథ అన్నాడు. అయితే వెళ్ళి చూడండి అంది మేడమ్. కోర్టు ఒక పెద్ద వకీలుని కమిషనరుగా వేసి, చూసి రాసివ్వమని పంపింది. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. సీఐ కూడా వచ్చాడు. మీ ఓనరు ఇంటి గేటు బయట, రోడ్డు మీద, కొబ్బరిబోండాల బండి పక్కన స్టూలు వేసి లాప్‌టాప్ పెట్టాము.

‘కొట్టవయ్యా’ అన్నాడు కమిషనరు.

‘నేను కొట్టనండి. మీరే కొట్టండి. ఆ స్తంభం మీద చదివి కొట్టండి’ అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని స్తంభం దగ్గరికి పోయాడు, వచ్చాడు. సగం మర్చిపోయి మళ్ళీ పోయాడు. చివరికి బోండాలవాడు విసుక్కుని, ‘నేను చదువుతా బాబూ, మీరు నొక్కండి’ అన్నాడు. చదివాడు. నెట్ వచ్చింది. ‘ఇంకో వీధి చూద్దాం’ అన్నాడు కమిషనరు. ఐదు వీధులు తిరిగాం. పంతొమ్మిది ఇళ్ళు తెరుచుకున్నాయి.

చివర్లో సీఐ నా పక్కకొచ్చాడు. ‘అంటే నీ నంబరు తెలిసిన ఎవడైనా పంపొచ్చు.’

‘అవును సార్.’

‘ఎంతమందికి తెలుసు?’

‘ఊరంతటికీ.’

‘అందరికన్నా బాగా తెలిసింది నీకే కదా’ అన్నాడు.

నాకు తెలిసిన మాటే. లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకున్నాను.

మంగళవారం నీ బెయిలు విచారణ. ఇస్తారని మేడమ్ అంటోంది. నేను సాక్షి బోను ఎక్కాలి. దిగాక నన్ను ఎక్కడికి తీసుకెళ్తారో ఆమె అనడం లేదు, నేనూ అడగలేదు.

ఈలోగా ఇల్లిల్లూ తిరిగి తాళాలు మారుస్తున్నా. కొత్తరకం తాళం, ఇంటికో పాస్‌వర్డ్. రూటర్ సెట్టింగుల్లోకి పోయే తలుపుకి కంపెనీవాడు ఇచ్చిన పాస్‌వర్డే ఉంచేసేవాడిని, దాన్ని కూడా మారుస్తున్నా. కొందరు కాఫీ ఇస్తున్నారు. కొందరు గుమ్మంలోనే ఆపి తిడుతున్నారు. బ్రాడీపేట ఆయన, ‘పోలీసులు ఒప్పుకున్న తాళం ఎందుకు మారుస్తున్నావయ్యా?’ అన్నాడు. ఉన్నది చెప్పాను. మొహం మీద తలుపేశాడు. కిటికీలోంచి బతిమాలి ఆయన కూతురితో మార్పించాను. యాభై రెండు అయ్యాయి. పదకొండు మిగిలాయి. లిస్టు మా అమ్మ దగ్గర పెట్టాను.

పొద్దుటిపూట సున్నం వేస్తున్నా. పిడుగురాళ్ల సున్నం, రెండు బకెట్లు. స్తంభం స్తంభం తిరిగి నా నంబరు మీద పూస్తున్నా. నాన్న చివర్లో రాసిన తొమ్మిది చూశావా, తోక వణికి పక్కకి పోయి ఉంటుంది. అన్ని చోట్లా అంతే. మొదటి పూతకి పోదు. సున్నం ఆరాక ఎరుపు పైకి వస్తుంది. రెండోసారి పూయాలి. యార్డు గోడ మీద మూడోసారి కూడా పూశాను.

మీ కిటికీ ఎదురుగా ఉన్నది మాత్రం పూయలేదు. కోర్టు చూసింది కాబట్టి దాన్ని చెరపొద్దని మేడమ్ చెప్పింది. నువ్వు బయటికొచ్చాక అదే నీకు ముందు కనపడుతుంది. ఏం చేయమంటావు, చూడు.

మాలిక్

గుంటూరు, యార్డు వెనక వీధి
10 నవంబరు

మాలిక్,

ఈసారి జైలు అడ్రసు కవరు పైన రాయాల్సి వచ్చింది. చెయ్యి సరిగ్గా రాలేదు. కీళ్ళ వల్ల అనుకో.

మంగళవారం సాయంత్రం నేను గేటు బయటికొచ్చాను. అప్పటికే నిన్ను కోర్టు నుంచి జీపులో తీసుకెళ్ళారని మేడమ్ చెప్పింది. ఒకరికొకరం కనపడనే లేదు. నీ మీద తప్పుడు వాంగ్మూలం అని ఒకటి, మెయిలు పంపావన్న అనుమానం ఇంకొకటి రాశారంట. చీరాల వెళ్ళి ఆ బట్టల కొట్టు చుట్టుపక్కల అడిగి వచ్చాను. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే గౌస్ బాషా అని ఒకాయన, మెట్ల మీద ఎవరో కుర్రాడు వైర్ల సంచీతో గంటసేపు కూర్చోవడం చూశానన్నాడు. ఏ రోజో గుర్తులేదంట. రేపు మళ్ళీ పోతాను. గుర్తొచ్చేదాకా పోతాను.

ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం ఎలాగూ లేదు. దానయ్య భార్య ఇప్పటికీ మా వైపు చూడదు. ఎవడు చేశాడో తేలితే గానీ చూడదు. తేలుతుందని నాకు నమ్మకం లేదు. ఆ పది అంకెలు ఎవడైనా చదివి ఉండొచ్చు. ఆమెకి ఈ మాట ఎలా చెప్పాలి?

నిన్న చర్చిలో బల్ల మీద మా అమ్మ, మీ అమ్మ, నేను. మిగతా బల్ల ఖాళీనే. పాట మధ్యలో జానీబీ పిన్ని నాకేసి వంగి, ‘వాడికి అన్నంలోకి కారం వేస్తున్నారా లేదా కనుక్కో’ అంది. మిరపకాయల మధ్య పుట్టినవాడు చప్పిడి ఎలా తింటాడని ఆమె దిగులు.

మిగిలిన పదకొండు ఇళ్ళూ నేను పూర్తి చేశాను. నువ్వు లిస్టు వెనక రాసిపెట్టినట్టే, ఒక్కో మెట్టూ చూసి. ఏ ఇంటికి ఏం పెట్టానో ఇక్కడ రాయను. ఈ ఉత్తరం చదివే ఇస్తారు కదా.

స్తంభం దగ్గర నిలబడ్డాను. సున్నం బకెట్టు పట్టుకునే వెళ్ళాను. ఆ తొమ్మిది చూసి బకెట్టు దించేశాను. మేడమ్ వద్దన్నందుకే అనుకుంటున్నాను.

గురువారం ములాఖత్. వస్తున్నాను. రక్తసంబంధం ఎవరూ అడగరు, నేను గేటులో కనుక్కున్నాను. ఒక పుస్తకం మాత్రం ఉంటుంది. వచ్చినవాడి పేరు రాయాలి, పక్కన ‘ఖైదీకి ఏమవుతారు’ అని ఒక గడి. ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇంకా తేలలేదు. గురువారం పొద్దుటికి తేలాలి.

ఫిలిప్